డబ్బా లేని వేట

2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపిన లోపాన్ని తీసేసింది; దాంతో మామూలు వాళ్లకూ చోటు మరింత కచ్చితంగా తెలిసింది. వెంటనే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర డేవ్ అల్మర్ ఒక నల్ల బకెట్‌ను చెట్ల మధ్య దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలను అందరికీ చెప్పాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు, బీన్స్ డబ్బా, పేరు రాసుకోవడానికి చిన్న చిట్టా. ఏదైనా తీసుకుంటే బదులుగా ఒకటి పెట్టాలి. జియోకాషింగ్ అనే ఆట అలా మొదలైంది.

వెతికేవాళ్లు పెరిగేకొద్దీ చిక్కొచ్చింది. అందరూ బాట వదిలి ఒకే పొద చుట్టూ తిరిగితే మొక్కలు నలిగిపోతాయి, నేల గట్టిపడుతుంది. అందుకే అమెరికా జాతీయ ఉద్యానాల్లో అనుమతి లేకుండా డబ్బాలు దాచనివ్వరు. న్యాయమైన ఆంక్షే.

ఆటగాళ్లు అలిగి కూర్చోలేదు. 2004లో అమెరికా భూవిజ్ఞాన సంఘం అండతో ‘ఎర్త్‌కాష్’ వచ్చింది. ఇందులో డబ్బా ఉండదు. కొండచరియ ముందు నిలబడి రాతి పొరల రంగు, మందం గమనించి, అడిగిన ప్రశ్నకు జవాబు పంపాలి. దీన్ని ఏర్పాటు చేసేవారు అవసరమైన చోట ఆ స్థలాన్ని చూసుకునేవారి అనుమతి తీసుకోవాలి.

2002 నుంచి మరో మంచి అలవాటూ ఉంది. అంతకుముందు ముఖపరిచయం లేని ఆటగాళ్లు సంచులతో కలుసుకుని, బాటల వెంట చెత్త ఏరుతారు. స్నేహాలు అక్కడే బలపడతాయి.

ఈ ఆట మీద మనసైతే ముందు అటవీ సిబ్బందిని అడగండి. బాట మాత్రం దిగకండి.