అర్జీ ఏమైందో అడిగే హక్కు

తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి వారాలు గడిచినా కదలదు. అడిగితే "సార్ మీటింగులో ఉన్నారు, సోమవారం రండి" అంటారు. కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చినవారికి ఆ మాట ఎంత భారం!

ఇలాంటప్పుడు అక్కరకొచ్చేది 2005 నాటి సమాచార హక్కు చట్టం. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి: "ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీపై ఏం చర్య తీసుకున్నారు? ఇప్పుడది ఎవరి దగ్గరుంది?" ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. రాయడం రానివారికి ఆ ఆఫీసులో ఈ దరఖాస్తులు తీసుకునే పౌర సమాచార అధికారే సాయపడాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలోని పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఆపైన రాష్ట్ర సమాచార కమిషన్ ఉంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది.

ఒక్క జాగ్రత్త. ఏ అర్జీ అయినా రెండు ప్రతులు తీసుకెళ్లండి. మీ ప్రతిపై తేదీ, సంతకం, ఆఫీసు ముద్ర వేయించుకున్నాకే కదలండి. రేపు అప్పీలుకు వెళ్తే మీ చేతిలో ఉండే రుజువు అదే.