విదేశయాత్రయు ఆరోగ్య భీమాయు

శంషాబాదు విమానాశ్రయమునకు ఏ అర్ధరాత్రివేళనో పోయి చూచినచో, కుమారుని కడకో కుమార్తె కడకో అమెరికా ప్రయాణమైన వృద్ధదంపతులు పెక్కుమంది కనబడుదురు. పెట్టెలలో ఆవకాయ, కందిపొడి, కోడలికి పట్టుచీర, మనుమనికి వెండిగిన్నె. చేతిసంచిలో ఆరునెలలకు సరిపడు మాత్రలు. సామాను తూకము విషయమున వారికుండు శ్రద్ధ ఇంతింత యనరానిది. భీమా పాలసీ ఏదని అడిగినచో మాత్రము, "అబ్బాయి తీసికొన్నాడట" అను సమాధానము వచ్చును. ఆ "అట" అను మాటను గూర్చియే నేటి నా ప్రసంగము.

మా మేనమామగారు తెనాలిలో ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించినవారు. రక్తపుపోటుకు చాల ఏండ్లుగా దినమునకొక చిన్న మాత్ర వేసికొనుచుండిరి. న్యూజెర్సీలోని కుమార్తెను చూడబోవుచు భీమా తీసికొన్నారు. దరఖాస్తులో "ఇదివరకు వ్యాధులేవైన కలవా?" అను ప్రశ్నకు ఏజంటు "లేవు" అని వ్రాసెను. "మాత్రతో అదుపులో ఉన్నదానిని జబ్బు అనరు మాస్టారూ" అని సర్దిచెప్పెను. ఆయన సంతకము చేసిరి. అక్కడ చేరిన మూడవ వారమున ఛాతీలో నొప్పి వచ్చినది. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి, గుండెకు ముప్పు లేదని తేల్చి పంపిరి. ఇంటిల్లిపాదియు దేవునికి దండము పెట్టుకొన్నారు.

తరువాత బిల్లులు రాసాగెను. అవి ఒక్కచోటినుండి వచ్చినవి కావు. ఆసుపత్రివారిది ఒకటి, అత్యవసర విభాగమున చూచిన డాక్టరుది వేరొకటి, ఛాయాచిత్రములు చదివిన నిపుణునిది ఇంకొకటి, ఆంబులెన్సువారిది మరియొకటి. భీమా సంస్థ ఆసుపత్రి రికార్డును తెప్పించి చూచినది. అందులో "చాల ఏండ్లుగా రక్తపుపోటు" అని మామగారు తమ నోట చెప్పిన మాటయే ఉన్నది. క్లెయిమును త్రోసివేసిరి. మామగారు తమ తండ్రిగారు కొన్న అర ఎకరము మాగాణిని అమ్మి అల్లుని అప్పు తీర్చిరి. నేను కోపముతో ఆ కాగితములన్నియు తిరుగవేసితిని గాని, సంతకము పైనున్న "లేవు" అను మాట కంటబడిన పిమ్మట వాదించుటకు నాకు నోరు రాలేదు.

మనకు స్వదేశమున నున్న ఆరోగ్య పాలసీలు సాధారణముగా భారతదేశపు ఎల్లలు దాటి పనిచేయవు. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వము నడపు మెడికేర్ అను భీమా కలదు గాని, అది విహారమునకు వచ్చిన సందర్శకులకు వర్తించదు. 1986 నాటి చట్టము ననుసరించి అచటి ఆసుపత్రుల అత్యవసర విభాగములు ఎవరు వచ్చినను, డబ్బు సంగతి చూడక, పరీక్షించి ప్రాణాపాయ స్థితిని కుదుటపరుపవలెను. ఇది గొప్ప చట్టమే. కాని చికిత్స ఉచితమని అందులో లేదు. బిల్లు తరువాత వచ్చును. ఇంగ్లండులో అత్యవసర విభాగమున చూచినందుకు రుసుము లేదు. అక్కడినుండి వార్డులో చేర్చుకొన్నచో మాత్రము, భీమా లేని విదేశీ సందర్శకుడు అచటి జాతీయ ఆరోగ్యశాఖ వెలకు ఒకటిన్నర రెట్లు చెల్లింపవలసియుండును. యూరపులోని షెంజెన్ దేశములు, ఇప్పుడవి 29, కనీసము 30,000 యూరోల వైద్యభీమా చూపనిదే సందర్శకులకు వీసా నీయవు. అమెరికా అట్టి నిబంధన పెట్టలేదు. అందుచేతనే మనవారు అక్కడికి ఉత్తచేతులతో పోవుచున్నారని నా అభిప్రాయము. నిజమునకు, నిర్బంధము లేని చోటనే ఖర్చు హెచ్చు.

పాలసీలు ప్రధానముగా రెండు తీరులు. ఒకదానిలో ఒక్కొక్క సేవకు ఇంత అని ముందే నిర్ణయింపబడియుండును: ఆసుపత్రిలో ఒక దినమునకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత. అసలు బిల్లు దానికి పదిరెట్లున్నను సంస్థ ఇచ్చునది అంతే. ప్రీమియము తక్కువ గనుక పిల్లలు దీనినే కొందురు. రెండవదానిలో మొదట కొంత సొమ్మును మనము భరించిన మీదట, తక్కిన ఖర్చులో అధికభాగమును, పాలసీ మొత్తమునకు లోబడి, సంస్థ ఇచ్చును. పాలసీ ముఖపత్రముపై లక్ష డాలర్లని పెద్ద అక్షరములతో నుండుట చూచి తృప్తిపడక, అది ఏ తీరుదో లోపలి పుటలలో చూడవలెను. వయస్సు హెచ్చిన కొలది ఆ మొత్తము తగ్గించు షరతులును అక్కడనే ఉండును.

చిక్కంతయు పూర్వవ్యాధుల విషయముననే కలదు. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు: మన పెద్దలలో ఇవి లేనివారెందరు? అనేక పాలసీలు వీటివలన వచ్చు ఖర్చును భరింపవు. కొన్ని, పూర్వవ్యాధి ముందు సూచన లేక హఠాత్తుగా విషమించినచో భరించుననును. కాని లక్షణము కనబడిన 24 గంటలలో వైద్యుని చేరవలెనని గడువు పెట్టుట కలదు. రాత్రి నొప్పి వచ్చినచో "పిల్లలను లేపుట ఎందుకులే" అని తెల్లవారువరకు ఓర్చుకొనుట మన పెద్దల స్వభావము. ఆ మరునాడును మజ్జిగతో గడపినచో గడువు దాటిపోవును.

ఉన్నది ఉన్నట్లు వ్రాసినవానికి న్యాయస్థానము అండగా నిలిచిన ఉదంతమొకటి చెప్పెదను. 2009లో ఒక భారతీయుడు బంధువుల పెండ్లికై అమెరికాకు పోవుచు పాలసీ తీసికొనెను. తనకు మధుమేహము కలదని దరఖాస్తులో తెలిపెను, వైద్యపరీక్షయు జరిగెను. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయమున దిగగనే గుండెపోటు వచ్చి, మూడు స్టెంట్లు వేయవలసి వచ్చినది. పూర్వవ్యాధి యనియు, కొవ్వు తగ్గించు మందు వాడుచున్న సంగతి తెలుపలేదనియు సంస్థ సొమ్మీయ నిరాకరించెను. జాతీయ వినియోగదారుల కమిషనులో అతడు ఓడిపోయెను. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పినది. దరఖాస్తులో తెలిపిన ఆరోగ్యస్థితిని తూచి చూచి పాలసీ ఇచ్చిన సంస్థ, అదే స్థితిని సాకుగా చూపి పిదప తప్పించుకొనరాదని న్యాయమూర్తులు నిర్ణయించిరి. దీనికై అతడు పండ్రెండేండ్లు వేచియుండెను. మా మామగారి కాగితముపై "రక్తపుపోటు కలదు" అని ఒక్క పంక్తి యుండిన పక్షమున, నేనును ఆయన తరఫున ఎక్కడికైన పోగలిగియుందును.

ఇక ఆపద వచ్చినచో చేయదగిన పని. పాలసీపై నున్న సహాయకేంద్రపు ఫోను నంబరును ఒక అట్టముక్కపై వ్రాసి, పాసుపోర్టుతో నుంచుకొనవలెను. పిల్లల ఫోనులో ఉన్నది చాలదు. వీలైన తొందరలో ఆ కేంద్రమునకు తెలిపి, ఆసుపత్రి బిల్లు నేరుగా సంస్థకే పంపు ఏర్పాటు కలదేమో అడుగవలెను. లేనిచో పద్దులవారీ బిల్లులు, రసీదులు, డిశ్చార్జి పత్రము, మందుల చీటీలు, ప్రయాణపు టిక్కెట్ల నకళ్లు ఒక్కటియు పోనీయరాదు. భీమా లేనివారును ఆసుపత్రి బిల్లు రాగానే గుండె చెదరనక్కరలేదు. అమెరికాలో లాభాపేక్ష లేని ఆసుపత్రులు పేదలకు సహాయ విధానమొకటి వ్రాతమూలకముగ ఉంచవలెనని 2010 నాటి చట్టము విధించినది. దానికి అర్హత యున్నదా అని అడుగుటలో సిగ్గుపడవలసినది లేదు.

భారతీయ సంస్థ క్లెయిమును త్రోసివేసినచో ముందుగా ఆ సంస్థకే ఫిర్యాదు వ్రాయవలెను. ఒక నెలలో జవాబు రాకున్నను, వచ్చినది సంతృప్తికరము కాకున్నను, ఏడాదిలోగా భీమా అంబుడ్స్‌మన్‌కు నివేదింపవచ్చును. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాములకు ఈ కార్యాలయము హైదరాబాదులో కలదు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయలవరకు పరిహారము విధించు అధికారము ఆయనకు కలదు. కాని పిల్లలు అమెరికాలోనే అచటి సంస్థవద్ద కొన్న పాలసీలు ఆయన పరిధిలోనికి రావు. ఏది ఎక్కడ కొనవలెనో నిర్ణయించునపుడు ఈ తేడా గుర్తుండవలెను.

మామగారు నిరుడు మరల న్యూజెర్సీకి పోయి వచ్చిరి. దరఖాస్తు ఈమారు తామే కూర్చుండి, కళ్ళజోడు తుడుచుకొని, స్వహస్తముతో పూర్తిచేసిరి. రక్తపుపోటు, మాత్ర పేరు, ఎన్నేండ్లనుండి వాడుచున్నది, అన్నియు వ్రాసిరి. ప్రీమియము బాగుగనే హెచ్చినది. ఏజంటు కొంచెము నొచ్చుకొన్నాడట.