ఎదురు తిరిగిన కుఱ్ఱవాండ్రు: ఒక నవల, ఒక ఖండిక



బడివేళ వీధి మొగలో గుంపుగూడిన కుఱ్ఱవాండ్రను జూచినపుడు పెద్దలకు తోచు ప్రశ్న యొక్కటే: వీరు బడికేల పోలేదు? గ్రంథాలయము అరుగుపై పేకాడు వారిని జూచినను ఆ ప్రశ్నయే, కొంచెము కటువుగా. షికాగో నగరమున గ్వెండొలిన్ బ్రూక్స్ అను నల్లజాతి కవయిత్రి ఒకనాడు పూల్ ఆట యాడు శాల ముందుగా పోవుచు, లోపలనున్న బాలురను జూచి, ఆ ప్రశ్న వేసికొనలేదు. తమ్మును గూర్చి వీరేమనుకొనుచున్నారో యని యోచించెను. ఆ యోచన నుండి పుట్టిన ఖండిక "వియ్ రియల్ కూల్". అది 1959లో "పొయెట్రీ" పత్రికయందు వెలువడి, మరుసటి యేట "ది బీన్ ఈటర్స్" సంపుటమున చేరెను. అప్పటికే, 1950లో, పులిట్జర్ బహుమానము నందిన తొలి నల్లజాతి రచయిత ఆమె.

ఖండిక మొత్తము 24 మాటలు. అన్నియు ఒక్క ఊదుట పలుకదగిన చిన్న మాటలే. మన చాటువు కంటె పెద్దది కాదు. చాటువునందలి నవ్వు మాత్రము ఇచట గొంతులోనే నిలిచిపోవును. పలుకువారు ఏడుగురు. వారికి పేరు లేదు, ఇల్లు లేదు, తల్లిదండ్రుల ప్రసక్తి లేదు. "మేము" అను మాట పాదము చివర తెగి వ్రేలాడుచుండును. దానిని మెల్లగా పలుకవలెనని కవయిత్రియే చెప్పెను. తమ యునికి మీద తమకే నమ్మకము చాలని వారి పలుకది. కడపటి పాదము చివర ఆ "మేము" లేదు. అచట వారు చెప్పుకొనునది తమ చావును గూర్చి.

ఎస్. ఇ. హింటన్ వ్రాసిన "ది ఔట్‌సైడర్స్" నవల 1967లో ప్రకటితమైనది. ఓక్లహోమాలోని టల్సా పట్టణపు బాలిక పదునైదవ యేట దీనిని ఆరంభించెనన్న నమ్మశక్యము గాదు. జుట్టునకు జిడ్డు పట్టించి పెంచుకొను పేద కుఱ్ఱలు "గ్రీజర్లు". కలవారి బిడ్డలు "సోషులు". కథ చెప్పు పోనీబాయ్ పదునాలుగేండ్ల వాడు. తల్లిదండ్రులు మోటారు ప్రమాదమున మరణించిరి. ఇరువది యేండ్ల అన్న డారీ కాయకష్టము చేసి యిల్లు నడుపును. పార్కులో సోషులు పోనీబాయ్‌ని నీట ముంచి యూపిరాడనీయకుండ, స్నేహితుడైన జానీ కత్తితో ఒకనిని పొడుచును. ఇద్దరును పారిపోయి పాడుపడిన చర్చిలో దాగుదురు. అచట వారికి కాలక్షేపము "గాన్ విత్ ద విండ్" అను నవల! పోలీసు వెదకుచున్న బాలురు చదువరులగుట చూడదగినది.

ఖండికలో గుంపు మనిషిని మ్రింగివేసినది. నవలలో గుంపే యిల్లు లేని వానికి ఇల్లు. జానీని కన్నవారు కొట్టుదురు, పట్టించుకొనరు. కావున గ్రీజర్లే అతనికి చుట్టములు. శత్రువుల గుంపుకు చెందిన చెర్రీ అను కన్యయు, పోనీబాయును, తాము చూచు సూర్యాస్తమయ మొక్కటేయని గ్రహింతురు. బ్రూక్స్ ఖండికలో ఎదుటి పక్షమే లేదు. వారి నెవరు ద్వేషింతురో, ఎవరు ప్రేమింతురో తెలియదు.

అయినను నవలయందు ఒక లోపము కలదు. చర్చికి నిప్పంటుకొనగా బాలురు లోనికురికి పసిపిల్లలను కాపాడుదురు. జానీ వెన్ను విరిగి తుదకు మరణించును. దొడ్డపని చేసినగాని ఈ కుఱ్ఱవాండ్రు మన జాలికి తగరా? బ్రూక్స్ అట్టి సిఫారసు చేయలేదు. పూల్ శాలలోని ఏడుగురు ఏ బిడ్డను కాపాడలేదు. వారున్నట్లే వారిని వినుమనినది. ఈ యొక్క విషయమున 24 మాటలదే పైచేయి.

ఈ రెంటికిని అమెరికాలో కొన్నిచోట్ల అభ్యంతరములు వచ్చినవి. హింటన్ నవలను పాఠశాలల నుండి, గ్రంథాలయముల నుండి తొలగింపవలెనని కోరినవారు కలరు. పోనీబాయ్ తుదకు ఇంగ్లీషు ఉపాధ్యాయుడు వ్రాయుమన్న వ్యాసమునకు కూర్చుండును. ఆ వ్యాసమే మనము చదివిన నవల. పూల్ శాలలోని ఏడుగురికి కాగితము చేతికిచ్చి వ్రాయుమన్న వారెవరును ఆ ఖండికలో కనబడరు.