నారు కొనకముందే నర్సరీ చూడవలెను
(రొంపిచెర్లలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నారు పోసినవాడు నీరు పోయకపోడని మన పెద్దలు దైవముపై భారము వైచి చెప్పుచుండెడివారు. ఆ కాలమున ఎవరి నారుమడి వారి బావి ప్రక్కనే ఉండెడిది. విత్తనము ఎక్కడిదో, నారు ఎట్లు పెరిగినదో ఇంటిల్లిపాదికి తెలిసియుండెడిది. నేడు పల్నాటిలో మిరప వేయు రైతులలో అనేకులు నారు తాము పోయుట లేదు, నర్సరీలో కొనుచున్నారు. ఇందు దోషము లేదు. శ్రమ తగ్గును, కాలము కలసివచ్చును. కాని నారుపై మనకుండిన పరిశీలన మాత్రము మన చేయి దాటిపోయినది. దానిని మరల సంపాదించుటకు అందరము కలసి నర్సరీలను చూచి రావలెనని నా మనవి.

రెండడుగుల ఎడముతో సాళ్లు తీసి, సాలులో రెండడుగులకొక మొక్క నాటినచో ఎకరమునకు సుమారు 11 వేల మొక్కలు కావలెను. అన్ని మొక్కల యోగ్యతను రైతు బండి కదలబోవు తొందరలో, అయిదు నిమిషములలో నిర్ణయించుచున్నాడు. నారులోనే వైరస్ తెగులు ప్రవేశించియున్నచో అది పొలములో నాటిన తరువాత గాని స్పష్టముగా బయటపడకపోవచ్చును. అప్పటికి దుక్కి, ఎరువు, కూలి, కౌలు అన్నియు ఖర్చయి యుండును. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటలను ఎట్లు పాడుచేసినదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. అది నర్సరీల వలననే వచ్చినదని నేననుట లేదు. ఒక్క పంట పోయినచో కౌలు రైతు కుటుంబము ఎంత వెనుకబడునో ఆ సంవత్సరము మనకు చూపినది. మన చేతిలోనున్న జాగ్రత్తను విడువరాదని మాత్రమే చెప్పుచున్నాను.

ఎప్పుడు పోవలెను?

యాత్ర అనగానే బస్సు, భోజనము, బస గుర్తుకు వచ్చును. వానికంటె ముందు నిర్ణయింపవలసినది కాలము. మిరప నారు జూలై, ఆగస్టు నెలలలో నర్సరీలలో ఉండును. పండ్ల మొక్కలను, నీడ చెట్లను చూచుటకు శీతకాలము అనుకూలము. నాటుటకు తొలకరి అనుకూలము. ఒక్క ప్రయాణముతో ఇవన్నియు నెరవేరవు. కావున రెండు యాత్రలు ఏర్పాటు చేసికొనవలెను. మొదటిది జూలైలో, బయానా ఇయ్యకముందు, ఉదయము బయలుదేరి రాత్రికి ఇల్లు చేరునది. రెండవది శీతకాలమున, రెండు మూడు దినములది.

మొదటి యాత్ర

దూరపు కొండలు నునుపు. ముందు దగ్గరనున్నవానిని చూడవలెను. మన మండలములోను, నరసరావుపేట పరిసరములలోను ఉన్న నారు నర్సరీలలో రెండింటిని, ఎత్తుమడిపై స్వయముగ నారు పోసికొను రైతు మడి నొకదానిని ఉదయమున చూడుడు. పోల్చి చూచినప్పుడే తేడా తెలియును. మధ్యాహ్నము గుంటూరు చెంతనున్న లాం చేరవలెను. అక్కడ 1922 నుండి వ్యవసాయ పరిశోధన జరుగుచున్నది. డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయమునకు చెందిన ఉద్యాన పరిశోధన స్థానము కూడ అక్కడనే కలదు. ఎల్.సి.ఏ. 334 వంటి మిరప రకములు లాం నుండియే వెలువడినవి. ఉదయము చూచినదానిపై కలిగిన సందేహములను అక్కడి శాస్త్రజ్ఞులను అడిగి తీర్చుకొనవచ్చును. వారికిని, నర్సరీ యజమానులకును వారము ముందుగ ఉత్తరము వ్రాసి అనుమతి పొందవలెను.

నలుబది మంది ఒక్కసారి లోపలికి తోసికొనిపోరాదు. ఎనిమిదేసి మంది చొప్పున అయిదు జట్లుగ ఏర్పడి, కాళ్లు చేతులు కడుగుకొని పోవలెను. చుట్ట, బీడీ ముట్టిన చేతితో నారు తాకరాదు. పొగాకు నుండి మొజాయిక్ తెగులు మిరపకు అంటగలదు. ఒక్కొక్క జట్టు ఒక్కొక్క విషయము విచారింపవలెను.

మొదటి జట్టు విత్తనమును గూర్చి అడుగవలెను. నారు కొనువానికి విత్తనపు పొట్లము కంటబడదు. కావున ఆ పొట్లము, దానిపై లాటు సంఖ్య, కొన్న బిల్లు చూపుమని అడుగుటకు రైతు మొగమాటపడరాదు.

రెండవ జట్టు వలను చూడవలెను. ఆకుపచ్చని నీడవల ఎండను తగ్గించునే గాని పురుగును ఆపదు. తెల్లదోమను ఆపుటకు సన్నని కన్నుల పురుగువల వేరుగ ఉండవలెను. తలుపు ఎప్పుడును తెరచియున్నచో ఎంత మంచి వలయైనను వ్యర్థమే.

మూడవ జట్టు ట్రేలను, కొబ్బరి పొట్టును పరీక్షింపవలెను. పాత ట్రేలను శుభ్రపరచి వాడుచున్నారా? నీరు నిలువక జారిపోవుచున్నదా? నారుకుళ్లు రాకుండ ట్రైకోడెర్మా కలుపుచున్నారా?

నాల్గవ జట్టు నారు వయస్సును, వేరును చూడవలెను. సుమారు 40 దినముల నారు నాటుటకు తగినది. ముదిరిన నారు పచ్చగ, ఏపుగ కనబడును గాని దాని వేళ్లు ట్రే గుంటలో చుట్టుకొని యుండును. నాటుటకు వారము ముందుగ నీరు తగ్గించి, నీడ తీసి, నారును ఎండకు అలవాటు చేయుచున్నారో లేదో కనుగొనవలెను.

అయిదవ జట్టు కాగితములు చూడవలెను. ఉద్యాన నర్సరీల క్రమబద్ధీకరణకై మన రాష్ట్రములో 2010లో చట్టము వచ్చినది. రిజిస్ట్రేషను ఉన్నదా, రకము పేరు వ్రాసి రసీదు ఇచ్చుచున్నారా అని విచారింపవలెను. రసీదు లేని నష్టమునకు సాక్ష్యము లేదు.

రెండవ యాత్ర

రెండవ యాత్రకు తూర్పుగోదావరి జిల్లాలోని కడియము, కడియపులంక తగినవి. దారిలో తాడేపల్లిగూడెము చెంతనున్న వెంకటరామన్నగూడెములో ఉద్యాన విశ్వవిద్యాలయమును చూడవచ్చును. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత గోదావరి నీరు కాలువల ద్వారా ఆ ప్రాంతమును తడిపినది. ఆ కాలువ గట్ల వెంట నేడు నర్సరీలు బారులు తీరియున్నవి. ఇతర రాష్ట్రములకు సైతము మొక్కలు ఇక్కడినుండి పోవుచున్నవి. అంటు కట్టుట, సంచులు నింపుట, మొక్కలను వరుసలలో పెట్టుట వంటి పనులతో అనేక కుటుంబములు జీవించుచున్నవి. మన యువకులు, స్త్రీలు చూడవలసినది ఈ పనితనమును.

కాని ఒక హెచ్చరిక. అక్కడి గాలిలో తేమ ఎక్కువ. మనది రెంటచింతల ఎండ ఎరిగిన సీమ. అక్కడ నీడలో పెరిగిన మొక్కను తెచ్చి వెంటనే మన ఎండలో నాటినచో మాడిపోవును. చూచుట శీతకాలమున, తెచ్చుట తొలకరిలో జరుగవలెను. తెచ్చిన మొక్కలను కొన్ని దినములు నీడలో నుంచి, క్రమముగ ఎండకు అలవాటు చేసి నాటవలెను. పూలమొక్కల సొగసు చూచి పంచాయతీ సొమ్ము వ్యయము చేయరాదు. బాటలకు వేప, కానుగ, చింత, నేరేడు చాలును. బత్తాయి అంట్లు కొనువారు అంటు ఏ వేరు మొక్కపై కట్టినదో, కన్ను ఏ తల్లి చెట్టుదో అడుగవలెను. రంగపూరు నిమ్మపై కట్టిన అంటు నీటి ఎద్దడిని మేలుగ ఓర్చును. తెగులున్న తల్లి చెట్టు కన్ను తెగులునే తెచ్చును.

ఎవరు పోవలెను?

బస్సులోని స్థానములన్నియు సభ్యులకే అన్నచో గ్రామము హర్షించదు. కౌలు రైతులకు, నారు నాటు స్త్రీలకు, పాఠశాల ఉపాధ్యాయునికి, గ్రామ ఉద్యాన సహాయకునికి చోటు ఉండవలెను. పంచాయతీ మొక్కలకు నీరు పోయు పనివానిని తప్పక తీసికొనిపోవలెను. మొక్క బ్రతుకుట అతని చేతిలో నున్నది. 73వ రాజ్యాంగ సవరణ వలన చేరిన పదునొకండవ షెడ్యూలులో వ్యవసాయ విస్తరణ, సామాజిక వనములు పంచాయతీల విషయములుగ పేర్కొనబడినవి. అందుచేత ఈ పని మన పరిధిలోనిదే. అయినను గ్రామసభలో తీర్మానించి, ప్రతివారు కొంత చందా వేసికొని, జమాఖర్చులను పంచాయతీ కార్యాలయమున అందరికి కనబడునట్లు వ్రాసి పెట్టుట మంచిది.

తిరిగి వచ్చిన పిదప

వచ్చిన వారము దినములలో అయిదు జట్లును తాము చూచినది గ్రామసభలో చెప్పవలెను. రాలేని రైతునకు యాత్రాఫలము అట్లే అందును. 2018లో తెలంగాణ రాష్ట్రము చేసిన పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామములో నర్సరీ ఉండవలెనని, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని నిర్దేశించినది. మనకు చట్టము చెప్పువరకు ఆగనక్కరలేదు. నీటి వసతి గల అయిదు సెంట్ల స్థలములో వేప, కానుగ గింజలు నాటుటతో ఆరంభింపవచ్చును. ఎన్ని నాటితిమన్న లెక్కకంటె, ఏడాది తరువాత ఎన్ని నిలిచినవన్న లెక్కను గ్రామసభలో చదువు ఆచారము పెట్టుకొనుడు.

సాగరు కుడి కాలువ నీరు ఎప్పుడు వచ్చునో, మిరప ధర ఎంత పలుకునో మన చేతిలో లేదు. ఏ నారు నాటవలెనో అది మన చేతిలోనిదే. యాత్ర తేదీని, పోవువారి పట్టికను రాబోవు గ్రామసభలోనే నిర్ణయింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.