పెంపుడు కుక్కకు రాచపుండు

కొంపల్లిలో మా యింటి కుక్కకు పదియేండ్లు దాటినవి. అది వాకిట ముగ్గుపైననే మాటిమాటికి మూత్రము చేయసాగినప్పుడు ముసలితనమని కసరితిమి. అందుకు నేటికిని సిగ్గుపడుచున్నాము. నెత్తురు కనిపించిన పిదప మూత్రవ్యాధికి మందు వాడితిమి. కొన్నాళ్లు తగ్గి, మరల వచ్చినది.

శ్రోతలు గమనింపవలసినది ఈ మరల వచ్చుటయే. మూత్రాశయపు రాచపుండు సామాన్య మూత్రవ్యాధి వలెనే కనిపించును. మందులకు పుండుపై చేరిన సూక్ష్మజీవులు చచ్చును గాని పుండు మానదు. నగరమునకు ఆవలి కొసనున్న రాజేంద్రనగరు పశువైద్య కళాశాలకు కొనిపోగా, అల్ట్రాసౌండు పరీక్షలో మూత్రాశయపు మెడ వద్ద గడ్డ తేలినది. కడుపు మీదుగా సూది గ్రుచ్చలేదు. సూది దారిని వ్యాధి ప్రాకవచ్చునట. మూత్రమార్గమున సన్నని గొట్టము పంపి కణములను తీసిరి.

మూత్రపిండముల నాళములు అచటనే కలియును గనుక ఆ గడ్డను కోసివేయుట సాధారణముగా కుదరదు. పైరాక్సికాము అను మాత్ర కొన్ని కుక్కలలో గడ్డను తగ్గించును, మరికొన్నింట పెరుగుదలను ఆపును. అయితే జీర్ణాశయమున పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. వైద్యుడు చెప్పనిదే ఈయరాదు. ఇంటనున్న మనుష్యుల నొప్పిమాత్రలు అసలే వేయరాదు.

వ్యాధి పూర్తిగా నయము కాదని చెప్పిరి. గంటకొకమారు వాకిలి తీయుచున్నాము, రాత్రులు పాతచీర పరచుచున్నాము. మూత్రము బొత్తిగా రాని నాడు మాత్రము తెల్లవారువరకు ఆగక వైద్యుని కడకు కొనిపోవలెను.