యంత్రాల హోరు – చెవికి చేటు



వరికోతలు వచ్చినవంటే మన మేడిపల్లి చుట్టుపక్కల యంత్రాల హోరే హోరు. ఒక మడిలో కోత మిషను, ఒక కల్లంలో మక్కలు పట్టే మిషను. కొన్నాళ్లకు పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, ట్రాక్టరుతో తిరిగే డ్రమ్ములో పోసి పాలిషు పట్టడం. ఈ యంత్రాలు మన నడుముకు ఇచ్చిన సుఖము చిన్నది కాదు. అయితే నడుమును కాపాడిన యంత్రమే చెవిని తినివేయగలదు. ఆ సంగతే ఈనాడు ముచ్చటించుకుందాము.

పొద్దంతా డ్రమ్ము దగ్గర నిలబడిన మనిషికి సాయంత్రం చెవిలో గుయ్యిమంటుంది. "ఏందే, జర గట్టిగ చెప్పు" అంటాడు. తెల్లవారేసరికి సర్దుకుంటుంది గనుక ఎవరూ పట్టించుకోరు. కాని అది చెవి చేస్తున్న హెచ్చరిక. లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగమున్నది. అందులోని సన్నని వెంట్రుకల కణాలు శబ్దాన్ని నరానికి అందిస్తవి. పెద్ద మోతకు అవి గాలికి వరిపైరు వాలినట్లు వాలిపోతవి. ఒకనాటి గాలికి వాలిన పైరు లేచి నిలుస్తుంది. రోజూ అదే గాలి వీస్తే పడి చస్తుంది. చచ్చిన ఆ కణము మరల మొలవదు. దానికి మందు లేదు. చెవి మిషను మిగిలిన వినికిడికి సాయపడుతుందే గాని, పోయినదాన్ని తేలేదు.

మోత ఎక్కువో తక్కువో తెలుసుకొనుట ఎట్లా? మూరెడు రెండు మూరల దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే, అది చెవికి హాని చేసే మోత అని తెలుసుకోండి. లెక్క చెప్పాలంటే, 85 డెసిబెల్ల మోతలో రోజుకు 8 గంటలు మించి ఉండరాదని అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1998లో సిఫారసు చేసింది. మోత 3 డెసిబెల్లు పెరిగినప్పుడల్లా ఆ కాలం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు. 94 అయితే ఒక్క గంటే. క్యాబిన్ లేని ట్రాక్టరు బరువు మీద నడిచేటప్పుడు 90 దాటడం సాధారణమే.

మరి చేయవలసిన దేమిటి? మొదట మోతను పుట్టినచోటే తగ్గించాలి. పగిలిన సైలెన్సరు మార్చండి. వదులైన బోల్టులు బిగించండి, బేరింగులకు గ్రీజు పెట్టండి. యంత్రాన్ని ఇంటికి, గోడలకు దూరంగా ఆరుబయట నిలపండి. దూరం రెట్టింపైతే మోత బాగా తగ్గుతుంది. పనిలేనివారిని, పిల్లలను దగ్గరికి రానీయకండి. ఒకే కూలీని పొద్దంతా డ్రమ్ము దగ్గర ఉంచక వంతులవారీగా మార్చండి. ట్రాక్టరు మోతను మించి పాటలు పెట్టడం మోత మీద మోత అన్నమాట.

అప్పటికీ హోరు తగ్గకపోతే చెవులు కప్పాలి. తలకు చుట్టిన రుమాలు, చెవిలో పెట్టిన దూది చాలవు. నురుగు ఇయర్ ప్లగ్గును సన్నగా నలిపి, చెవిని పైకి వెనక్కి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో ఆపాలి. చేతులు శుభ్రంగా ఉండాలి సుమా! పసుపు దుమ్ము పనిలో చెవులమీద బోర్లించే ఇయర్ మఫ్‌లు మేలు. చెవులు మూసినప్పుడు పిలుపు వినబడదు; కాబట్టి యంత్రం ఆపమనే చేతి సైగ ముందుగానే అందరూ ఒప్పుకోవాలి.

సిరిసిల్ల మరమగ్గాల మధ్య పనిచేసే మన అన్నదమ్ములకూ ఇదే బాధ, ఇదే జాగ్రత్త. మోతవల్ల వచ్చే చెవుడు వృత్తివ్యాధియని మన కార్మిక చట్టాలు గుర్తించినవి. అయితే మన కల్లానికి తనిఖీ అధికారి రాడు. అక్కడ కూలీ చెవికి పూచీ యంత్రం పెట్టిన రైతుదే. కూలి డబ్బులతో పాటు ఒక జత ఇయర్ ప్లగ్గులు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. రైతువేదికలో యంత్రం గురించి చెప్పినప్పుడు చెవి గురించి కూడా ఒక్క మాట చెప్పండి. చెవిలో హోరు మానకున్నా, నలుగురిలో మాటలు కలగాపులగంగా వినబడుతున్నా చెవి వైద్యుని వద్దకు పంపండి.

పంట ఈ ఏడు పోతే మరుసటేడు వస్తుంది. పోయిన వినికిడి రాదు. మనుమడి ముద్దుమాటలు వినవలసిన చెవులను ఇప్పుడే కాపాడుకోండి.