ఏడు తరాలు – ఒక ప్రోనోటు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నచ్చిన పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'కు సహవాసి గారి తెలుగు 'ఏడు తరాలు'. ఆఫ్రికాలోని గాంబియాలో కుంటా కింటే అనే కుర్రవాణ్ణి పట్టుకుని, ఓడలో అమెరికా తీసుకుపోయి అమ్మేస్తారు. అతను నాలుగుసార్లు పారిపోతాడు. నాలుగోసారి దొరికితే పాదం సగం నరికేస్తారు. అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని పండితులు వాదించుకున్నారు. నాకు మాత్రం ఆ పాదం దగ్గర చదువు ఆగిపోయింది.

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. అప్పట్లో శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. 1958లో నాకు పదేళ్లు. మా ఇంట్లో తండ్రి చేసిన అప్పు కింద పదహారేళ్ల కుర్రవాడు కంబారిగా ఉండేవాడు. ఒక రాత్రి పశువుల సాలలో నాతో, "నాను కరగ్‌పూర్ ఎల్లిపోతన్నాను. ఎవులికీ సెప్పకు బాబూ" అన్నాడు. అక్కడ రైల్వేలో వాళ్ల మేనమామ ఉన్నాడు.

తెల్లారి తాతయ్య గద్దించేసరికి చెప్పేశాను. సైకిళ్ల మీద ఇద్దరు వెళ్లి, హౌరా వైపు బండి రాకముందే స్టేషనులో పట్టుకొచ్చారు. ఎవరూ కొట్టలేదు. కొత్త ప్రోనోటు రాయించి, వేలిముద్ర వేయించారు. వెతకడానికి అయిన ఖర్చు కూడా అందులో కలిపారు.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1975 అక్టోబరు 25 నుంచే అమలైనట్టు లెక్క. ఆ అప్పులన్నీ రద్దు. అప్పటికి నేను రెవెన్యూలో గుమాస్తాను. గ్రామాలవారీగా వివరాలు అడిగితే, మా ఊరికి ఎదురుగా 'లేరు' అని నా చేత్తోనే రాశాను. అతను అప్పటికీ మా సాలలోనే ఉన్నాడు. ప్రోనోటు మా పెట్టెలో ఉంది.

ఆ పుస్తకం 1980ల మొదట్లో నా చేతికొచ్చింది. చదివిన వారంలోనే ఊరు వెళ్లి, ఆ కాగితం తీసి అతని చేతిలో పెట్టాను. అప్పు లేదన్నాను. "ఎప్పట్నుంచి బాబూ?" అని అడిగాడు. చెప్పాను. కాసేపు కాగితం వంక చూసి, "మరప్పుడే ఎందుకు సెప్పనేదు?" అన్నాడు. నా సర్వీసంతటిలో నేను జవాబు రాయలేని మెమో అదొక్కటే.

మిత్రులారా, ఆ చట్టం ఈనాటికీ ఉంది. మన ప్రాంతం నుంచి ఇటుక బట్టీలకు అడ్వాన్సు తీసుకుని వెళుతున్నవారు నేటికీ ఉన్నారు. అడ్వాన్సు పేరు చెప్పి ఎవరినైనా కదలనివ్వకపోతే కలెక్టరుకో, ఆర్డీవోకో కాగితం పెట్టండి. ఆ అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అప్పిచ్చినవాడిదే. అర్జీ రాయడం మనకు ఒకరు నేర్పాలా?

మన మనవలకు 'ఏడు తరాలు' కొనివ్వండి. దాంతోపాటు మన ఇళ్లలోని సాలల కథ కూడా చెప్పండి. సెలవు.